సుచరిత స్థానంలో

టులెట్ బోర్డు కట్టిన మర్నాడు పొద్దున్నే, మేడ మీది గది చూసుకోవడానికి విశ్వవిద్యాలయాలు వస్తాయి.

మొదట వచ్చేది చాలా పాతది, రాతికట్టడం. గేటు ఇరుకు కాబట్టి సెనేట్ హాలును కాస్త పక్కకు వంచి, గ్రంథాలయాన్ని చంకలో ఇరికించుకుని లోపలికి అడుగు పెడుతుంది. జమున అప్పుడే వాకిట్లో ముగ్గు వేసి లేచింది. అది ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వస్తుంది. ఎంతైనా వయసులో పెద్దది, మర్యాద తెలిసినది.

జమున కొంగుకు చేతులు తుడుచుకుని, ఇల్లు అద్దెకు అడిగేవాళ్ళను జగిత్యాలలో ఎవరైనా అడిగే ప్రశ్నలే అడుగుతుంది.

"ఎంతమంది ఉంటరు?"

"పిల్లలూ పెద్దలూ కలిసి ఒక ఊరంత ఉంటామమ్మా."

"చుట్టాలు ఎక్కువ వస్తరా?"

"స్నాతకోత్సవానికి వస్తారు. ఫోటో దిగి వెళ్ళిపోతారు."

"నీళ్ళు పొద్దుగాల ఒక్కపూటనే వస్తయి. ముందే చెప్తున్న, తర్వాత లొల్లి వద్దు."

"మా హాస్టళ్ళలో ఆ ఒక్కపూటా రావు," అంటుంది విశ్వవిద్యాలయం, నిట్టూర్చి. జమునకు దాని మీద కొంచెం జాలి కలుగుతుంది.

ఆ గది వాళ్ళ కూతురు సుచరితది. ఇంటర్ అయిపోయింది. వాడకట్టు పిల్లలంతా ఇంజనీరింగ్ అని ఉరుకుతుంటే ఈ పిల్ల లెక్కలు చదువుతానని కూర్చుంది. ఉత్త లెక్కలు. మూడు చోట్ల సీటు వచ్చింది. పిల్ల పోవడం ఖాయం, ఎటు పోతుందన్నదే తేలలేదు. గది ఖాళీగా పడుంటే ఎలుకలు చేరతాయని తండ్రి గంగరాజం ముందుచూపుతో బోర్డు కట్టేశాడు. ఏ విశ్వవిద్యాలయం ఆ గదిలో దిగితే సుచరిత దాని దగ్గరికి చదువుకు పోవాలి. గదికి గది, మనిషికి మనిషి. ఇది అందరికీ తెలిసిన పద్ధతే కాబట్టి ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పరు.

రెండోది కాసేపటికే వస్తుంది. నిలువెల్లా అద్దాలు, ఇంకా ఆరని పెయింటు వాసన. మిఠాయి డబ్బా తెచ్చింది. జమునను మేడమ్ అంటుంది, గంగరాజాన్ని సర్ అంటుంది, ఇంట్లో పిల్లిని కూడా మేడమ్ అంటుంది. మూడోది ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. చాలా చిన్నది. ఒక నల్లబల్ల, నాలుగు గదులు, ఒక వేపచెట్టు, అంతే దాని సామాను. ఎక్కడో దూరపు తీరంలోంచి రైలెక్కి వచ్చిందట. గోడవారగా నిలబడి, పిలిచేదాకా మాట్లాడదు.

మూడూ నిలబడేసరికి వీధి నిండిపోతుంది. పాలవాడు సెమినార్ హాల్లోంచి సైకిల్ నడిపించుకుంటూ పోతాడు. బడికి పోయే పిల్లలు అద్దాల లిఫ్టు ఎక్కి రెండో వైపు దిగుతారు.

"పొద్దు గూకేలోపల ఒకటి తేల్చు బిడ్డా," అంటాడు గంగరాజం, చెప్పులేసుకుంటూ. "వాడకట్టోళ్ళకు తొవ్వ లేకుంటైంది. రేపటికి అన్నీ ఎల్లిపోతయి, సీటు సుత పోతది."

ఆయనకు బస్టాండు వెనక మోటార్ల వైండింగ్ షాపు ఉంది. పొలాల్లో మోటార్లు కాలిపోయే కాలం ఇది. ఆయన మాట చెప్పి నిలబడడు.

సుచరిత మెట్లు దిగి వస్తుంది. దిగడానికి చాలాసేపు పడుతుంది. రెండేళ్ళు ఆమె చదివిన కాలేజీలో పిల్లలు తెల్లారకముందు లేచి, కళ్ళు మూతపడేదాకా బిట్లు చేస్తారు. బిట్టు అంటే ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు, వాటి పక్కన నాలుగు సున్నాలు. సరైన సున్నాను నల్లగా దిద్దాలి. కాలేజీ అయిపోయినా ఆ సున్నాలు పోలేదు. ఆమె దేన్ని చూసినా దాని కింద నాలుగు కనిపిస్తాయి. మెట్టు కింద, బ్రష్షు కింద, ఇడ్లీ కింద, అమ్మ ముఖం కింద. బొటనవేలితో ఒకటి దిద్దాకే ఇడ్లీ తుంచుతుంది. ఇంట్లో ఎవరూ దీన్ని పట్టించుకోరు. ఆ వీధిలో ఇంటర్ చదివిన పిల్లలందరి బొటనవేళ్ళూ నల్లగానే ఉంటాయి.

ఆమెకు లోకంలో ఒక్కటే సున్నాలు లేని వస్తువు ఉంది. పదో తరగతి సెలవుల్లో తండ్రి షాపులో కూర్చుంటే, కాలిన మోటారులోంచి తీసిన రాగితీగ ఒకటి ఆమె కాళ్ళ దగ్గర పడింది. వంకరటింకరగా, తన మీదుగా తాను దాటకుండా, రెండు కొసలూ కలిసి. దాని మీద నాలుగు చోట్ల చుక్కలు పెట్టి చూస్తే అచ్చమైన చతురస్రం వచ్చింది. తీగను ఇంకోలా వంచింది. మళ్ళీ ఎక్కడో ఒకటి దొరికింది. ఎంత పాడుగా వంచినా దొరికింది. ఎప్పుడూ దొరకాల్సిందేనా? దొరకాల్సిన అవసరం ఏమిటి దానికి? ఈ ప్రశ్నను ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చలేదని తర్వాత తెలిసి, ఆ పూట ఆమె సంతోషంతో అన్నం తినలేకపోయింది.

కాలేజీలో లెక్కల సార్‌ని అడిగింది. సార్ మంచివాడే. ప్రశ్న మొత్తం విన్నాడు.

"ఆప్షన్లేవి?" అన్నాడు.

"లేవు సార్."

"ఆప్షన్లు లేనిది ప్రశ్న ఎట్లయితదమ్మా?" అని, ఆ పిల్ల ముఖం చూసి మనసు నొచ్చుకుని, తనకు తెలిసిన గొప్ప కిటుకు చెప్పాడు. "ప్రశ్న మొత్తం చదివి టైం ఖరాబు చేస్కోకు. ఒక్కో ఆప్షన్ తీస్కపోయి ప్రశ్నల పెట్టి చూడు. ఏది అతికితే అదే జవాబు. సగం తెలివి అండ్లనే ఉన్నది."

రెండేళ్ళు అలాగే చేసింది. చేసి చేసి చేతికి అదే వచ్చింది, మిగిలినది పోయింది. ఇప్పుడు ఆమె కోరిక పెద్దదేం కాదు. ఆ తీగ ముందు కూర్చోవడానికి ఒక చోటు కావాలి. టైం అయిపోయిందని ఎవరూ అనని చోటు. తప్పు చోటు దిద్దితే ఆ ఒక్క ప్రశ్న కింద కూడా సున్నాలు మొలుస్తాయని ఆమె భయం. భయమే కానీ, భయపడే ఓపిక కూడా పెద్దగా లేదు.

అరుగు మీద కూర్చుని పాతదాన్ని అడుగుతుంది. "నా ప్రశ్న మీ దగ్గర పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో తల్లీ. మా దగ్గర చాలామంది పెట్టి మరిచిపోయారు. బీరువాల నిండా అవే."

"తాళాలు?"

"తాళాలు ఉన్నాయి. ఏది దేనిదో తెలిసినాయన రిటైరయ్యాడు."

అద్దాలదాన్ని అడుగుతుంది. అది ప్రశ్న పూర్తిగా వినకముందే చాలా బాగుంది మేడమ్ అంటుంది. మొదటి ఏడు ఈ ప్రశ్న, రెండో ఏడు కంప్యూటర్, మూడో ఏడు ఉద్యోగం, నాలుగో ఏడు ప్రశ్నను మీరే గుర్తుపట్టరు మేడమ్, అంత బాగా మారుస్తాం, అంటుంది. సుచరిత దాని అద్దాల్లోకి చూస్తుంది. అందులో కనిపించే అమ్మాయి చక్కగా తల దువ్వుకుని ఉంది, చేతిలో తీగ లేదు.

కాని జవాబును కొట్టెయ్యడం ఆమెకు బాగా వచ్చిన విద్య. బొటనవేలితో గాలిలో అడ్డంగా ఒక గీత గీస్తుంది. అద్దాలది మర్యాదగా నవ్వుతూనే పలచబడి, పలచబడి లేకుండా పోతుంది. మిఠాయి డబ్బా మాత్రం గట్టు మీద ఉండిపోతుంది. జమున దాన్ని లోపల పెడుతుంది.

ఇక అడగాల్సింది చిన్నదాన్నే. అది వేపచెట్టు కింద నిలబడి ఉంది, వేపచెట్టు దానిదే.

"మీ దగ్గర ఒక ప్రశ్నకు ఎంతసేపు ఇస్తరు?" అంటుంది సుచరిత.

"ఇవ్వడం ఏముంది? నీ దగ్గర ఎంతుంటే అంత."

"నాకు ఓపిక లేదు. బాగ అలిసిపోయిన."

"అలసట తగ్గేదాకా కూర్చో. అదీ చదువులోకే వస్తుంది."

ఈ మాటకు ఆమెకు ఏడుపొస్తుంది. ఇంత మంచి మాట ఆమెతో ఈ మధ్య ఎవరూ అనలేదు. ఇంకొకతె అయితే అక్కడికక్కడే లేచి దాని చెయ్యి పట్టుకుని నడిచిపోయేది. కానీ చేతికి పట్టిన విద్య అంత తేలిగ్గా ఊరుకోదు. రెండు మిగిలాయి, నమ్మకంగా తేలాలి, అతికించి చూడాల్సిందే అనుకుంటుంది. ఇక్కడే పిల్ల పొరపాటు చేస్తుంది. తనను తీసుకెళ్ళి వాటిలో పెట్టి చూసుకోవాల్సింది పోయి, వాటిని తెచ్చి తన స్థానంలో పెడుతుంది. నేర్పింది అదే మరి.

మధ్యాహ్నం గంగరాజం బువ్వకు వస్తాడు. రోజూ ఆయనకూ జమునకూ మధ్య చాప మీద సుచరిత కూర్చుంటుంది. ఇవాళ ఆమె తన చోటులోంచి లేచి తలుపు దగ్గర నిలబడి, పాతదాన్ని అక్కడ కూర్చోమంటుంది.

పాతది కూర్చోవడానికి చాలా కష్టపడుతుంది. దాని వరండా వంటింట్లోకి పోతుంది. పరీక్షల విభాగం గంగరాజం ఒళ్ళో పడుతుంది. అన్నం వడ్డిస్తే, సంబంధిత అధికారి సెలవులో ఉన్నాడని, ముద్ద ఎత్తకుండా కూర్చుంటుంది.

"ఇది మా పిల్ల కాదు," అంటుంది జమున. "మా పిల్ల బువ్వ ముందట గింతసేపు కూసోదు."

పాతది ఏమీ అనుకోదు. కాళ్ళు కడుక్కుని, తన హాస్టళ్ళను లెక్కపెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. వీధి కొంచెం వెడల్పవుతుంది.

తర్వాత చిన్నది కూర్చుంటుంది. అచ్చంగా సరిపోతుంది. బాసింపట్టు వేసుకుంటుంది, పచ్చిపులుసు పోసుకుంటుంది, మెతుకు కింద పడకుండా తింటుంది. గంగరాజం అటు చూడకుండానే "మోటరు నీళ్ళు గుంజుతలేదని ఇయ్యాల ఒకాయన నా మీదికే వచ్చిండు బిడ్డా" అని షాపు సంగతులు చెప్పడం మొదలుపెడతాడు. అది నవ్వాల్సిన చోట నవ్వుతుంది. జమున ఇంకో గరిటె వడ్డిస్తుంది.

అతికింది. సుచరితకు ఎన్నాళ్ళ తర్వాతో గుండె తేలికపడుతుంది. చిన్నదాని కింద ఉన్న సున్నాను నిండుగా, అంచు దాటకుండా దిద్దుతుంది. తర్వాత తన చోటులో కూర్చుందామని వస్తుంది. చోటు లేదు. జమునకూ గంగరాజానికీ మధ్య మనిషి ఉంది.

"లే, ఇగ నేను కూసుంట," అంటుంది సుచరిత.

"ఖాళీ ఉంటేనే కదా నింపుతారు. నింపాక ఖాళీ ఎక్కడుంటుంది?" అంటుంది చిన్నది. దాని గొంతులో ద్వేషం లేదు, జాలి ఉంది. "నేను నీతో సమానమని నువ్వే తేల్చావు. సమానమైతే అటు తిప్పినా నిజమే, ఇటు తిప్పినా నిజమే. నేను వచ్చిన చోటు ఖాళీగా ఉంది. వెళ్ళు."

"అమ్మా," అంటుంది సుచరిత.

జమున తలెత్తి తలుపు దగ్గర నిలబడ్డ ఆడపిల్లను చూస్తుంది. కొత్త ముఖం. పాపం, బాగా అలిసి ఉంది.

"మేడ మీది రూము కోసమా? ఎంతమంది ఉంటరు?"

"ఒక్కదాన్నే," అంటుంది సుచరిత.

"ఒక్క ఆడివిల్లకు ఇయ్యం బిడ్డా. ఏమనుకోకు. మాకు గూడ పిల్లున్నది." తర్వాత మనసొప్పక, "ఎండల వచ్చినవ్, మంచినీళ్ళు తాగి పో," అని చెంబు అందిస్తుంది. సుచరిత తన ఇంటి నీళ్ళు తను తాగి, చెంబు బోర్లించి పెట్టి బయటికి వస్తుంది. టులెట్ బోర్డును గంగరాజం అప్పటికే విప్పేస్తున్నాడు. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉండగా గది ఎందుకు ఇవ్వాలి?

రైలు దిగాక తీరం పక్కన మైదానం ఉంటుంది. చిన్నది ఎక్కడ ఉండేదో నేల మీద దాని ఆకారం తెలుస్తోంది. గడ్డి లేని చోటు, వేపచెట్టు లేచిపోయిన గుంట. చుట్టూ ఇంకా చాలా కట్టడాలు ఉన్నాయి, అన్నీ వాడిన ముఖాలతో. పక్కనున్నది దగ్గి, మెల్లగా అడుగుతుంది.

"నువ్వు గూడ ఆప్షన్ పెట్టి చూసినవా?"

"అవును."

"మాది నిజామాబాద్," అంటుంది ఆ కట్టడం, ఇంకేమీ అడగకుండా.

సుచరిత ఆ ఆకారం మధ్యలో కూర్చుంటుంది. చాలా అలిసిపోయింది కాబట్టి ఏదీ ఆపదు. మోకాళ్ళు మెట్లవుతాయి. వెన్ను పొడవునా ఒక వరండా సాగుతుంది. భుజాల మీద ఒక అంతస్తు లేస్తుంది, కళ్ళు ఉన్నచోట మొదలై కిటికీలు వరసగా తెరుచుకుంటాయి. నొప్పి ఏమీ లేదు. సాయంత్రానికి ఆమెకు గంట, గేటు, నల్లబల్ల వచ్చేస్తాయి. పిల్లలు రావడం మొదలుపెడతారు.

ఇక ఇక్కడ ఎవరూ టైం అయిపోయిందని అనరు. కోరుకున్నది ఇదే. అయితే ఒక సంగతి ఆమెకు ముందు తెలియలేదు. విశ్వవిద్యాలయాలు ఆలోచించవు, వాటి లోపల కూర్చున్నవాళ్ళు ఆలోచిస్తారు. ఒకరోజు రెండో గదిలో ఒక అమ్మాయి నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, వంకరటింకర గీత ఒకటి గీసి, దీని మీద ఎప్పుడూ చతురస్రం దొరకాల్సిందేనా అని అడుగుతుంది. గదిలో పిల్లలంతా ఊపిరి బిగబట్టి ఆలోచిస్తారు. వాళ్ళు ఎటు నుంచి మొదలుపెట్టాలో సుచరితకు తెలుసనిపిస్తుంది. చెప్పడానికి నోరు లేదు. గోడలా ఉండి వినడం ఎంత బాధో ఆమెకు అప్పుడు అర్థమవుతుంది, ఆ బాధను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెట్ల కింద పెడుతుంది.

ఒక మధ్యాహ్నం జమున వస్తుంది. చేతిలో సంచి ఉంది. గేటు దగ్గర మనిషి లేకపోవడంతో గోడనే అడుగుతుంది.

"మా పిల్ల ఈడ సదువుతదా? సుచరిత. జగిత్యాల మాది."

జమున చెప్పుకుపోతుంది, రైలులో ఎవరితోనూ మాట్లాడక నోరు ఎండిపోయి ఉంది.

"ఇంట్ల ఒకటున్నది. మా పిల్ల లెక్కనే కూసుంటది, మా పిల్ల లెక్కనే తింటది. దాన్ని తప్పు వట్టనీకి ఏం లేదు. గని అది అలిసిపోదు. ఎంత పని చెప్పినా అలిసిపోదు, పొద్దుగాల ఎట్లుంటదో పొద్దు గూకినా అట్లనే ఉంటది. మా పిల్ల అలిసిపోతది. నాకు ఎర్కలేదా? రెండేండ్ల సంది చూస్తలేనా? చూసి గూడ ఒక్కనాడు పండుకో బిడ్డా అనలేదు నేను."

రెండు అంతస్తుల్లోనూ నల్లాలు వాటంతటవే తెరుచుకుని ధారగా కారతాయి. జమున సంచి కింద పెట్టి, పైకీ కిందికీ తిరిగి ఒక్కొక్కటీ కట్టేస్తుంది. "నీళ్ళు గిట్ల ఇడిసివెడ్తరా ఎవ్వలన్న?" అని కసురుతుంది. ఆ తిట్టు విని ఇంకో రెండు తెరుచుకుంటాయి. వాటినీ కట్టి, గదులన్నీ వెతుకుతుంది. తరగతి జరుగుతున్న గదిలోకి తొంగిచూస్తుంది, ముఖాలు ఒక్కొక్కటీ చూస్తుంది. బల్ల వెనక చూస్తుంది. పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ ఆ గది ఆమెకు పలుకుతూనే ఉంది, వినపడేట్టు మాత్రం కాదు.

చివరికి అలిసి, బయటికొచ్చి కింది మెట్టు మీద కూలబడుతుంది. మామిడికాయ తొక్కు సీసా తీసి పక్కన పెడుతుంది. పక్కనే ఉన్న స్తంభానికి చేయి ఆనించి, ఆ చేతిని అక్కడే ఉంచేస్తుంది. సున్నం పెచ్చులు లేచి, తడి లేక, గరుకుగా ఉంది. జమున చాలాసేపు దాన్ని నిమురుతూ ఉంటుంది.

"ఎట్ల ఎండిపోయినవే," అంటుంది మెల్లగా.

సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, అరచేతిలో పోసుకుని, స్తంభానికి పైనుంచి కిందికి రాయడం మొదలుపెడుతుంది. మునివేళ్ళతో ఒత్తి, తట్టి, చిక్కు తీస్తున్నట్టు మెల్లగా. పైన కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. తర్వాత కట్టడం ఒక పక్కకు ఒరిగి, పై అంతస్తును జాగ్రత్తగా వంచి, తెచ్చి జమున ఒళ్ళో పెడుతుంది. రెండో గదిలో పిల్లలు బల్లలు జారిపోకుండా పట్టుకుని, చప్పుడు చేయకుండా కూర్చుంటారు.